ఫిడెల్మా తీర్పు చెప్పని ఇల్లు

ఫిడెల్మా గాహన్ కారు నడపడం నేర్చుకోలేదు. కారోగార్వ్‌లో టాక్సీ ఉన్నది నా ఒక్కడికే. ఆమె సంగతులు నాకింత దగ్గరగా తెలియడానికి కారణం అంతే.

ఆమె కర్టెన్లు కుట్టేది. ఐర్లండ్‌లో మేయో ఉత్తర తీరాన మా చుట్టుపక్కల కాస్త చెప్పుకోదగ్గ కిటికీ ఏదైనా ఉందంటే దానికి వేలాడే గుడ్డ ఆమె చేతి మీదుగా వచ్చిందే. కర్టెన్ కుట్టాలంటే ముందు కొలతలు తీసుకోవాలి. అందుకు ఇంట్లోకి పోవాలి, స్టూలెక్కి కిటికీ పైచట్రం దాకా చెయ్యి చాపాలి. అక్కడ చెయ్యి పెట్టిన మనిషికి ఇంటి గుట్టు దాగదు. ఏ చట్రం లోపల పుచ్చిపోయిందో, ఏ గోడ చలికాలంలో చెమటలు పడుతుందో, ఏ గది తలుపు ఏళ్ల తరబడి తెరవలేదో ఆమెకు ఇట్టే తెలిసిపోయేది. ఒకరి సంసారం సంగతి ఇంకొకరికి చెప్పేది కాదు. ఇళ్ల సంగతులు మాత్రం అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పేది.

మొట్టమొదట అడిగింది మా చెల్లెలు నోరా. ఊళ్లో పాత పోలీసు స్టేషన్ అమ్మకానికి పెడితే, అది కొని కాపురం పెడదామని దానికి సరదా పుట్టింది. ఫిడెల్మాను తీసుకెళ్లి చూపించాను. ఆమె గదులన్నీ తిరిగింది. ఉత్తరపు గోడకి అరచెయ్యి ఆనించింది. వంటింట్లో కళ్లు మూసుకుని వాసన చూసింది. దొంగల్ని పెట్టే కొట్లోకి కూడా దూరి వచ్చింది.

"కొట్టు బాగుంది. బంగాళదుంపలు దాచుకోవచ్చు," అంది. "మిగతా ఇంట్లో ఎక్కడ నిలబడ్డా వాకిలి కనిపిస్తుంది. వచ్చేపోయేవాళ్లని కనిపెట్టడానికి కట్టిన ఇల్లది. నీ మొగుడేమో ఆలస్యంగా వచ్చే రకం. మీరిద్దరూ ఇందులో ఉంటే రోజూ విచారణే. వద్దు నోరా."

నోరా ఆ ఇల్లు కొనలేదు. మొగుడి మాట ఎత్తినందుకు కొన్నాళ్లు ఫిడెల్మాతో మాట్లాడనూ లేదు. కానీ ఈ తీర్పు ఊరంతా తిరిగింది. ఆ తర్వాత ఎవరికి ఏ చిత్రమైన ఇంటి మీద మోజు పుట్టినా ముందు ఫిడెల్మాను పిలవడం మామూలైంది. మా వైపు అలాంటి ఇళ్లకు కరువు లేదు. రైళ్లు రావడం మానేసిన స్టేషన్లు, పిల్లలు లేక మూసేసిన బళ్లు, ప్రార్థనలు ఆగిపోయిన చర్చీలు, పాలు పోయడం ఆపేసిన పాల కేంద్రాలు. డబ్లిన్‌లోనో లండన్‌లోనో కూర్చుని ఫొటోలు చూసినవాళ్లకి అవి స్వర్గంలా కనిపిస్తాయి.

మా ప్రాంతపు రేడియోలో పొద్దుటి కార్యక్రమం నడిపే ఓర్లా ఈ కబురు విని, శుక్రవారం శుక్రవారం వచ్చి మాట్లాడమని ఫిడెల్మాను అడిగింది. చుట్టుపక్కల ఊళ్లలో చనిపోయినవాళ్ల పేర్లు చదవడం అయ్యాక, పశువుల సంత ధరలకు ముందు, కాసేపు ఆమె వంతు. ఆ వారం అమ్మకానికి వచ్చిన వింత ఇంటిని తీసుకుని, ప్రకటన చదివి, చూసొచ్చిన సంగతి చెప్పేది.

"'కొత్తగా తీర్చిదిద్దుకునే అవకాశం ఉంది' అని రాశారు," అనేది. "అంటే పైకప్పు లేదు."

చర్చిని ఇల్లుగా మార్చి అమ్ముతుంటే, "వేడంతా పైన దేవదూతల దగ్గరికి పోతుంది, మీరు కింద కోటు వేసుకుని అన్నం తినాలి," అంది. ఒక రైల్వే స్టేషన్ని మాత్రం కళ్లు మూసుకుని కొనుక్కోమంది. ప్లాట్‌ఫారం దక్షిణం వైపుంది, టమాటాలు పండుతాయని.

ప్రతి తీర్పూ నిలిచిందనీ చెప్పలేను. ఒక పాల కేంద్రాన్ని చూసి, ఇందులో మనుషులు బతకలేరని తెగేసి చెప్పింది. కార్క్ నుంచి వచ్చిన ఒక జంట ఆ మాట పెడచెవిన పెట్టి కొన్నారు. ఇప్పుడు అందులో జున్ను తయారుచేసి ఊళ్లకు పంపుతున్నారు. ప్రతి క్రిస్మస్‌కీ ఫిడెల్మాకు ఒక జున్ను ముద్ద వస్తుంది. ఆమె దాన్ని ఒక్క ముక్క మిగల్చకుండా తిని, "వాళ్లు మనుషులు కారు, మొండిఘటాలు. నేను మనుషుల సంగతి చెప్పాను," అనేది.

ఆమెకంటూ ఇల్లు లేదు. చర్చి వీధిలో చిప్స్ కొట్టు పైన రెండు గదుల వాటాలో ఎప్పట్నుంచో అద్దెకుండేది. పెళ్లి చేసుకోలేదు. ఇల్లు కొనడానికని వయసులో ఉన్నప్పట్నుంచీ దాచుకుంటూనే వచ్చింది. చూసిన ప్రతి ఇంట్లోనూ ఏదో ఒక లోపం కనిపించి ఆగిపోయేది.

ఒక సెప్టెంబర్‌లో డెక్లన్ మునెలీ ఫోన్ చేశాడు. మా ఊరి ఇళ్ల ఏజెంటు అతను. ఫిడెల్మా వల్ల అతనికి చేజారిన బేరాలున్నాయి, కుదిరిన బేరాలూ ఉన్నాయి. అందుకని ఆమె అంటే అతనికి సగం భయం, సగం భక్తి.

"ఇల్లాన్‌రో అమ్మకానికొచ్చింది ఫిడెల్మా. పాత కోస్ట్‌గార్డుల కాపలా ఇల్లు. మీరొచ్చి చూసి, రేడియోలో నాలుగు మంచి మాటలు చెప్పాలి."

"మంచి మాటలు ఇంట్లో ఉంటే చెప్తాను."

ఇల్లాన్‌రో ఒక చిన్న దిబ్బ. ఆటు సమయంలో ఇసుక మీదుగా కార్లో పోవచ్చు. పోటు వస్తే చుట్టూ నీళ్లే. దారి గుర్తుకి వరసగా పాతిన కర్రలుంటాయి. నా కారుకి ఉప్పు పడదు, అయినా తీశాను. డెక్లన్ జీపు ముందు వెళ్తోంది. ఫిడెల్మా పక్కన కూర్చుని ప్రకటన చదివింది.

"'ఏకాంతం కోరుకునేవారికి.' అంటే అంబులెన్స్ రాదు. 'ప్రకృతి ఒడిలో.' అంటే కరెంటు పోతూ ఉంటుంది."

గుమ్మంలో సబైనా గింటీ నిలబడి ఉంది. డెబ్భై దాటిన మనిషి, చచ్చిపోయిన మొగుడి వానకోటు వేసుకుంది. పెళ్లై ఆ దిబ్బ మీదికి వచ్చి యాభై ఏళ్లయింది. పిల్లల్లేరు.

"రేడియో కర్టెన్లావిడవి నువ్వేనా?" అంది ఫిడెల్మాను ఎగాదిగా చూసి. "గొంతు విని ఇంకా లావుగా ఉంటావనుకున్నాను."

"కొందరు అలాగే అంటారు. లోపలికి రావచ్చా?"

"అమ్మకానికి పెట్టాక ఎవరైనా రావచ్చు."

కింద వంటిల్లు, పడకగది. గోడలు కోట గోడల్లా ఉన్నాయి. ఫిడెల్మా ఎప్పట్లాగే గోడ తాకింది, వాసన చూసింది, పొయ్యి పైన మసి మరకలు చూసి తల ఊపింది. "పడమటి గాలి వీస్తే పొగ వెనక్కి తంతుంది కదూ?"

"తంతుంది. గాలి ఎప్పుడూ పడమటిదే," అంది సబైనా.

"తాగే నీళ్లు?"

"కప్పు మీది వాన. తొట్లో పడుతుంది. ఎండాకాలం ఒడ్డునుంచి డబ్బాల్లో మోసుకురావాలి."

డెక్లన్ మొహం మాడిపోయింది. "పైన గది చూడండి ఫిడెల్మా, ముందు అది చూడండి," అని రాతి మెట్ల వైపు తోశాడు. ఆమె మోకాలు పట్టుకుని మెల్లగా ఎక్కింది. పైన ఒక్కటే గది. వెనకటికి కాపలావాళ్లు కూర్చుని ఓడల్ని కనిపెట్టిన గది. మూడు వైపులా మూడు కిటికీలు.

డెక్లన్‌కి ఇంకో చోట ఎవరికో ఇల్లు చూపించే పని ఉంది. "పోటు మొదలయ్యేలోగా బయల్దేరండి, కోల్మన్," అని నాకు చెప్పి జీపెక్కి పోయాడు. నేను మెట్ల కింద నిలబడి పిలిచాను. "వస్తున్నా," అంది. మళ్లీ పిలిచాను. మళ్లీ "వస్తున్నా" అంది. ఆమె దిగివచ్చి మేం గుమ్మం దాటేసరికి కర్రల మధ్య నీళ్లు తళతళలాడుతున్నాయి.

సబైనా మా వెనకనుంచి చూసింది. "ఇక చీకటి పడే ముందుగానీ దారి రాదు. కూర్చోండి. పంది మాంసం, క్యాబేజీ ఉడుకుతున్నాయి. ఒక్కదాని కోసం వండుకున్నది ముగ్గురం తినాలి మరి."

"మీకు శ్రమ," అంది ఫిడెల్మా.

"శ్రమే. ఏం చేస్తాను, నీళ్లలో తొయ్యలేను కదా. దుంపల చెక్కు తియ్యి."

భోజనాల దగ్గర, ఇల్లెందుకు అమ్ముతున్నారని నేనడిగాను. బాధ పడుతుందేమోనని కాస్త మెత్తగానే అడిగాను.

"విసుగెత్తి," అంది సబైనా. "యాభై ఏళ్లనుంచీ బయటికి పోవాలంటే సముద్రాన్ని అడగాలి. ఇంటికి రావాలన్నా అడగాలి. మా ఆయన దినానికి పాదిరిగారు రావడానికి కూడా ఆటు చూసుకున్నాం. నాకిప్పుడు వీధిలో ఇల్లు కావాలి. కింద కొట్టుండాలి. పాలయిపోతే చెప్పుల్తో దిగి తెచ్చుకోవాలి. శనివారం రాత్రి తాగినవాళ్లు తన్నుకుంటుంటే కిటికీలోంచి చూడాలి."

"అయితే ఫిడెల్మా వాటాలో అన్నీ ఉన్నాయి," అన్నాను. "కింద చిప్స్ కొట్టు, ఎదురుగా బారు."

సబైనా ఫోర్కు కింద పెట్టింది. "నీ ఇల్లెలా ఉంటుంది, అమ్మాయ్?"

"నాది కాదు. అద్దెది."

"ఇన్ని ఇళ్లు చూశావు, ఒక్కటీ నచ్చలేదా?"

"అన్నిట్లోనూ ఏదో ఒకటి కనబడుతుంది."

"ఎవరికి కనబడదు?" అంది సబైనా, ఇంకో దుంప ఆమె పళ్లెంలో వేస్తూ. ఫిడెల్మా ఆ దుంపనే ముక్కలు చేస్తూ కూర్చుంది. రేడియోలో ఆవిడ మాటకి మాట తడుముకోకుండా చెప్పడం విన్నవాణ్ణి. నాకది కొత్తగా అనిపించింది.

తిన్నాక నేను కుర్చీలో కునుకు తీశాను. లేచేసరికి ఆమె కింద లేదు. పైకి వెళ్లి చూస్తే, బూట్లు విప్పేసి, గోడకి ఆనుకుని నేల మీద కూర్చుని ఉంది. మూడు కిటికీల్లోనూ నీళ్లే. వెలుతురు కప్పు మీద కదులుతోంది.

"ఈ గదికి కర్టెన్లు ఎప్పుడైనా ఉండేవా అని సబైనాని అడుగు," అంది. కిందకి వంగి అడిగాను.

"ఎవరు తొంగిచూస్తారని? సముద్రంలో తిరిగే సీల్ జంతువులా?" అని కేక వినిపించింది.

సాయంత్రం ఇసుక బయటపడ్డాక వచ్చేశాం. పెట్రోలు బంకు దాటాక, "ఆ ఇంట్లో లోపాలేమిటో చెప్పు కోల్మన్," అంది.

"పొగ. నీళ్లు. కరెంటు. కప్పుకి పలకలు ఊడిపోయాయి. దార్లో రాళ్ల మీద నాచు. జ్వరమొస్తే దిక్కు లేదు."

"అన్నీ నిజమే కదా? శుక్రవారం నాడు అవే చెప్పాననుకో. ఒక్క అబద్ధం కూడా ఆడినట్టు కాదు. ఎవరూ రారు. ధర దిగుతుంది. నా దగ్గరున్నదాంతో వస్తుంది."

అప్పుడు అర్థమైంది నాకు. కారు పక్కకి తీసి ఆపాను. "కొంటావా?"

"అరవై మూడేళ్ల మనిషి, మోకాలు బాగాలేదు, కారు రాదు. అలాంటావిడ వచ్చి ఇల్లాన్‌రో కొంటానంటే నేనేమంటాను?"

"ఇంట్లో పెద్దవాళ్లెవరైనా ఉంటే ఒకసారి మాట్లాడతానంటావు."

ఆమె నవ్వి, ప్రకటన కాగితం మడిచి సంచీలో పెట్టుకుంది.

శుక్రవారం ఆమెను రేడియో స్టేషన్ దగ్గర దింపి, కారులో కూర్చుని విన్నాను. చనిపోయినవాళ్ల పేర్లు అయ్యాయి. ఓర్లా హుషారుగా మొదలుపెట్టింది.

"ఈ వారం ఇల్లాన్‌రో. అందరూ ఎదురుచూస్తున్నారు ఫిడెల్మా. చెప్పండి."

"ఈ ఇంటి సంగతి నేనేమీ చెప్పను."

"అంత ఘోరంగా ఉందా?"

"ఘోరంగా ఉంది, బాగానూ ఉంది. అయితే ఏం చెప్పినా నాకు స్వార్థం ఉంది. ఆ ఇల్లు నేను కొనాలనుకుంటున్నాను. కొనేవాళ్లు బేరమాడాలి గానీ తీర్పు చెప్పకూడదు. కావలసినవాళ్లు ఎవరికి వాళ్లు వెళ్లి చూసుకోండి. పోటు సమయం కనుక్కుని మరీ వెళ్లండి."

ఓర్లా గబగబా పశువుల సంత ధరలు చదివేసింది.

ఆ మాట ఊరంతా గుప్పుమంది. ఫిడెల్మా మనసు పారేసుకున్న ఇల్లు ఎలా ఉంటుందో చూడాలని ఆదివారాలు కుటుంబాలకు కుటుంబాలే ఇసుక మీద బయల్దేరాయి. డెక్లన్ నా టాక్సీ దగ్గరికి వచ్చి మొత్తుకున్నాడు.

"తిట్టినా బాగుండేది, కోల్మన్. జనమంతా వెళ్లి సబైనా చేత టీ పెట్టించుకుంటున్నారు. ఒక్కడూ కొనడు."

కొనేవాళ్లూ వచ్చారు. డబ్లిన్ జంట ఒకటి, పెద్ద జీపులో. ఫిడెల్మా దగ్గరున్నదానికన్నా చాలా ఎక్కువే ఇస్తామన్నారు. రెండోసారి చూడడానికి వచ్చినప్పుడు జీపు ఇసుకలో వదిలి దిబ్బంతా ఫొటోలు తీసుకుంటూ కూర్చున్నారు. పోటు వచ్చి జీపు అద్దాల దాకా ముంచేసింది. మర్నాడు ట్రాక్టరు పెట్టి లాగారు. ఆ తర్వాత డెక్లన్ ఫోన్ చేస్తే ఎత్తలేదు.

అక్టోబర్‌లో సబైనా నా టాక్సీలో ఊళ్లోకి వచ్చి, చిప్స్ కొట్టు ముందు దిగి, మెట్లెక్కి ఫిడెల్మా తలుపు తట్టింది. నన్నూ రమ్మంది, సాక్షి ఉండాలట. లోపలికి పోయి నేరుగా ఉత్తరపు గోడకి అరచెయ్యి ఆనించింది. వంటగదిలో కళ్లు మూసుకుని గాలి పీల్చింది.

"గోడ పొడిగా ఉంది. కింద నూనె కాగుతుంది కదా, వెచ్చదనం. వేపుడు వాసన. నాకిష్టమే. అవతలి గదిలో ఇంత గుడ్డ పెట్టుకున్నావు, మనిషి పడుకునే చోటేది?"

"మీరు ఇల్లు అమ్మడానికొచ్చారా, చూడడానికొచ్చారా?" అంది ఫిడెల్మా. ఆమె తీర్పులకు ఎదటివాళ్ల మొహాలు ఎలా మాడేవో, ఆమె మొహం అలాగే ఉంది.

"అమ్మనని చెప్పడానికొచ్చాను. నువ్వు నా ఇల్లు చూసింది ఎండలో, సెప్టెంబర్‌లో, కడుపునిండా తిని. ఆ రోజు ఎవరికైనా నచ్చుతుంది. నేనూ పెళ్లికి ముందు అలాంటి రోజునే చూశాను. రేపు చలికాలం ఏడ్చుకుంటూ వచ్చి నన్ను ఆడిపోసుకుంటే వినే ఓపిక నాకు లేదు."

"ఏడవను."

"నీకేం తెలుసు? నవంబర్ నెలంతా నువ్వక్కడుండు. నేనిక్కడుంటాను. తర్వాత మాట్లాడదాం."

అలా కుదిరింది. నవంబర్ మొదట్లో ఫిడెల్మా సంచుల్నీ కుట్టుమిషన్నీ దిబ్బకి చేర్చి, సబైనా పెట్టెను ఊళ్లోకి తెచ్చాను. మధ్యమధ్య ఆటు చూసుకుని పాలూ రొట్టే పట్టుకెళ్లేవాణ్ణి. ఆమె ఎప్పుడు చూసినా పొయ్యితో కుస్తీ పడుతూ ఉండేది. పొయ్యిలో కాల్చే పీట్ మట్టిగడ్డలు తడిసి అంటుకునేవి కావు. కళ్లు ఎర్రగా, జుట్టు నిండా మసి. ఎలా ఉందంటే, "రోజు గడుస్తోంది," అనేది.

నెల మధ్యలో తుఫాను వచ్చింది. ఆటు సమయంలో కూడా నీళ్లు తగ్గలేదు, దారి బయటపడలేదు. కరెంటు స్తంభం ఒకటి ఒరిగింది. ఆమె ఫోన్ మూగబోయింది. అదే వారంలో బిషప్ పాదిరిగారింటికి వచ్చాడు. ఆ ఇంటికి కుట్టాల్సిన కర్టెన్లు ఫిడెల్మాతోపాటు ఇల్లాన్‌రోలో ఉన్నాయి. బిషప్‌గారు బోసి కిటికీల కింద టీ తాగిపోయారని ఊళ్లో చెప్పుకున్నారు.

నేను రోజూ ఒడ్డుదాకా పోయి చూసేవాణ్ణి. పొగ కనబడితే తిరిగి వచ్చేవాణ్ణి. ఒక రోజు పొగ లేదు. సబైనా దగ్గరికి పరుగెత్తాను. ఆవిడ కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని చిప్స్ తింటూ వీధిలోకి చూస్తోంది.

"పడమటి గాలికి పొయ్యి ఆర్పేసి ఉంటుంది. అంటే తెలివి వచ్చిందన్నమాట. కూర్చో నాయనా, కసాయివాడి కొడుకు ఎవరితో తిరుగుతున్నాడో తెలుసా నీకు?"

దారి బయటపడగానే వెళ్లాను. ఫిడెల్మా పై గదిలో ఉంది. పడమటి కిటికీకి బిషప్ కోసం కుట్టిన మందపాటి కర్టెన్లు రెండు పొరలుగా వేలాడుతున్నాయి.

"ఏడ్చాను," అంది నన్ను చూడగానే. "సబైనాకి నువ్వు చెప్పక్కర్లేదు, నేనే చెప్తాను. తుఫాను రెండో రాత్రి కప్పు లేచిపోతుందనుకున్నాను. గట్టిగా ఏడ్చాను. ఎవరూ వినరు కదా. తర్వాత చలి ఎక్కువైంది, ఇవి తగిలించాను. గాలి కాస్త ఆగింది. పడుకున్నాను."

"సంచులు సర్దనా?"

"నెల ఇంకా ఉంది. మిషన్ తీసుకుపో. ఉప్పుగాలికి తుప్పు పడుతోంది."

నెలాఖరున అందరం చిప్స్ కొట్టు పైన కూడాం. డెక్లన్ కాగితాల సంచీతో వచ్చాడు. సబైనా పెద్ద కుర్చీలో కూర్చుంది.

"ఇప్పుడు చెప్పు, నా ఇంట్లో ఏం లోపాలున్నాయి?"

ఫిడెల్మా చెప్పింది. నెల రోజులు చూసి మరీ చెప్పింది కాబట్టి అన్ని తీర్పుల్లోకీ అదే పొడుగు. పడకగది నేల కింద నీళ్లు పారే చప్పుడు, మెట్ల మీద మూడో రాయి కదలడం, తొట్లో చచ్చిన పక్షి, అన్నీ చెప్పింది. ఏడ్చిన సంగతీ చెప్పింది. డెక్లన్ తల పట్టుకున్నాడు.

"ఇంకా కొంటావా?" అంది సబైనా.

"కొంటాను."

"ఎందుకు?"

ఫిడెల్మా ఆలోచించింది. "సరిగ్గా చెప్పలేను. ఎక్కడున్నా పొద్దున్నే లేవగానే ఇంకో ఇల్లేదో గుర్తొచ్చేది నాకు. అక్కడున్నన్నాళ్లూ ఒక్కటీ గుర్తు రాలేదు."

సబైనా మెత్తబడిందేమో అనుకున్నాను. మెత్తబడలేదు. సాయంత్రం దాకా పిసినారిలా బేరమాడింది. చివరికి ఇద్దరూ సమానంగా విసిగిపోయిన చోట తెగింది. చిప్స్ కొట్టు పైవాటా అద్దె సబైనా పేరు మీదికి మారింది.

పట్టుబట్టి కొన్నవాళ్లకి ఎదురయ్యేవన్నీ ఫిడెల్మాకీ ఎదురయ్యాయి. ఆటు కుదరక చెప్పిన రోజుకి కర్టెన్లు ఇవ్వలేకపోయేది. కొందరు బల్లీనా పట్నంలో వేరే మనిషిని చూసుకున్నారు. మిషన్ దిబ్బ మీద పెట్టడానికి లేదు కాబట్టి పాత వాటా ముందుగదిలోనే ఉండిపోయింది. దారి ఉన్న రోజుల్లో వచ్చి అక్కడే కుట్టేది. దారి మూసుకుపోతే సబైనా సోఫా మీద పడుకునేది. దీపం ఆర్పే విషయంలో, గురక విషయంలో ఇద్దరికీ తగువులు.

"అమ్మేశాననుకున్నాను, ఇంటితోపాటు మనిషి వెనక్కొచ్చింది," అనేది సబైనా కొట్టువాడితో.

రెండో చలికాలంలో ఫిడెల్మా నాచు మీద జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఇసుకలో పడి ఉంటే వలలు చూసుకోవడానికి వచ్చినవాళ్లు చూసి నాకు ఫోన్ చేశారు. ఆసుపత్రికి పోతున్నంతసేపూ ఆమె నొప్పి గురించి కాకుండా పొయ్యి ఆరిపోతుందని బాధపడింది. ఆ నెలలో ఊళ్లో మా నోరాతో సహా అందరూ తలా ఒక మాట అన్నారు. ఆమె విని ఊరుకుంది. కట్టు విప్పిన వారమే నన్ను పిలిచి ఇల్లాన్‌రోకి పోనిమ్మంది. దార్లో రాళ్ల మీద ముతక ఇసుక చల్లించాం. అంతకన్నా చేయగలిగిందేమీ లేదు.

రేడియో మాత్రం మానలేదు. కొన్నాళ్లు మానేద్దామనుకుంది. నేనిక లోకువైపోయాను కదా, నా తీర్పు ఎవరు వింటారు అంది. ఓర్లా ఒప్పుకోలేదు. ఒకసారి ఫిడెల్మాకి గొంతు పట్టేస్తే, తోడుగా సబైనాను మైకు ముందు కూర్చోబెట్టారు. ఆ వారం అమ్మకానికొచ్చింది ఒక సున్నపు బట్టీ, పక్కన గుడిసె.

"ఊపిరాడే మనిషెవడూ అందులో ఉండడు," అంది సబైనా.

"బట్టీలోకి పొద్దుటి ఎండ వస్తుంది, మీరు చూడలేదు," అంది ఫిడెల్మా బొంగురు గొంతుతో.

"చూశాను. గబ్బిలం కూడా చూశాను."

అక్కడితో మొదలైన వాదన పశువుల ధరల సమయం కూడా తినేసింది. స్టేషన్‌కి ఎన్నడూ రానన్ని ఫోన్లు వచ్చాయి. అప్పట్నుంచి ఇద్దరూ కలిసే వెళ్తున్నారు. వెనక సీట్లో ఇద్దరూ, ముందు నేను. ఫిడెల్మా ఇప్పుడు ఇంటికి వెళ్లగానే గోడ తాకదు. ముందు కూర్చుని, అమ్మేవాళ్లతో ఆ మాటా ఈ మాటా మాట్లాడుతుంది. సబైనా మాత్రం గుమ్మంలోనే మొహం చిట్లిస్తుంది. ఇద్దరి తీర్పులూ కలిసిన ఇల్లు ఇప్పటివరకూ ఒక్కటే, అది కూడా పంచాయతీవాళ్ల కొత్త ఇల్లు. అందులో చెప్పడానికేమీ లేదన్నారు ఇద్దరూ.

నిన్న అకిల్ వైపు ఒక నీళ్ల ట్యాంకు చూసి వచ్చాం. ట్యాంకుని ఇల్లు చేశారు, గుండ్రంగా, మూడంతస్తులు. వచ్చేటప్పుడు దారి పొడుగునా వెనక సీట్లో అదే గొడవ.

"గుండ్రటి గోడకి మంచం ఎలా ఆనిస్తారు?" అంది సబైనా.

"మధ్యలో వేసుకుంటారు."

"మధ్యలో మంచం వేసుకుని ఎవరైనా నిద్రపోతారా? శవంలా ఉండదూ?"

"కోల్మన్, నువ్వు చెప్పు."

నేను రోడ్డు చూస్తున్నానన్నాను. ఆటు ఇంకా పూర్తిగా రాలేదు. ఇల్లాన్‌రో ఎదుటి ఒడ్డున కారు నిలిపి, ఇంజను ఆపేసి, కర్రల అడుగున ఇసుక తేలేదాకా ముగ్గురం ఫ్లాస్కులో టీ పంచుకుని తాగాం.